నేను రాసిన ఉప్పు

ఒక అంకెను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నవ్వకండి. అంకెకి బరువేమిటని నేనూ చాలాసార్లు అనుకున్నాను. నలభై రెండు అని రాయవలసిన చోట నూట డెబ్బై ఒకటి అని రాశాను. రాసి, ఆ కాగితం మేడం బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, టీ తాగడానికి వెళ్ళాను. టీ బాగానే ఉన్నట్టు గుర్తు. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే. తప్పు చేసిన మనిషికి ఆ పూట టీ అయినా చేదుగా ఉండాలి కదా? లేదు. రెండోది కూడా తాగాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలని కూర్చున్నప్పుడల్లా మాట గొంతు దాకా వచ్చి, ఇంకేదో మాటై బయటపడేది. ఒకసారి నా భార్యను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని, చివరికి గ్యాస్ బుక్ చేశావా అని అడిగాను. ఆమె నా మొహంలోకి చూసి, ఒంట్లో బాగాలేదా అంది. బాగానే ఉందన్నాను. ఆ అబద్ధాన్ని కూడా ఇందులోనే కలుపుకోండి.

సునామీకి రెండేళ్ళ ముందు మాట ఇది. పుదుచ్చేరిలో, లాస్‌పేటలో ఒక కాలేజీ వెనక రెండు గదుల్లో మా ల్యాబు ఉండేది. నేను రోజుకూలీ లెక్కన పనిచేసే ల్యాబు సహాయకుణ్ణి. అంటే సీసాలు కడగడం, నీళ్ళు పట్టుకురావడం, పరీక్షలు చేయడం, అంకెలు రాయడం. పర్మనెంట్ చేస్తారని మూడేళ్ళుగా ఆశ. మా పైన ఒక మేడం ఉండేది. మంచి మనిషి, నిక్కచ్చి మనిషి. ఆవిడ పేరు రాయను, ఆవిడ తప్పేమీ లేదు కనక.

మా పని చెప్పడం తేలికే. నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో కనుక్కోవడం. నీళ్ళు ఏ రాతిని, ఏ మట్టిని ఒరుసుకుంటూ వచ్చాయో వాటిలో కరిగిన ఖనిజాలు చెప్పేస్తాయి. పట్టణానికి ఉత్తరాన ఎర్రమట్టి మెట్టలున్నాయి. అక్కడ కురిసిన వానలో కొంత వాగుల్లో పోతుంది, కొంత నేలలోకి ఇంకి, కింద సున్నపురాతిని కరిగించుకుంటూ సముద్రం వైపు మెల్లగా సాగుతుంది. అలా వచ్చిన నీళ్ళలో కాల్షియం ఎక్కువ, సోడియం తక్కువ. సముద్రం చొరబడిన నీళ్ళయితే సోడియం, క్లోరైడు రెండూ పెరుగుతాయి. రెండు గుక్కెళ్ళ నీళ్ళిస్తే వాటి పుట్టిల్లు చెప్తానని నేను అప్పట్లో మేముండే సారం పేటలో, మా వీధి అరుగుల మీద గొప్పలు కూడా పోయేవాణ్ణి.

సోలై నగర్ దాటి ఇంకా ఉత్తరానికి పోతే ఒక చిన్న చేపలవాళ్ళ పల్లె. అక్కడి చేతిపంపు నీళ్ళు ఉప్పెక్కాయి. ఎందుకెక్కాయి? రెండు అనుమానాలు. ఒకటి, పైనున్న పొలాల్లో మోటార్లు ఎక్కువ తోడడం వల్ల సముద్రం నేల కింద నుంచి లోపలికి వస్తోందని. రెండోది, చేతిపంపుకి దగ్గర్లోనే చేపలు ఉప్పులో ఊరవేసే సిమెంటు తొట్లుండేవి, ఆ ఉప్పునీళ్ళు రోజూ ఇసుకలో పారబోస్తే అవే దిగుతున్నాయని. ఏది నిజమో తేల్చమని సర్కారువాళ్ళు మమ్మల్ని అడిగారు.

తేల్చగలిగిన బావి ఒక్కటే. పల్లెకీ పొలాలకీ మధ్యన, పొలాల మోటార్లన్నిటిలో సముద్రానికి దగ్గరగా ఉన్న బోరు. మోటార్లు సముద్రాన్ని లాగుతుంటే లోతున ఉప్పు ముందు ఆ బోరులోనే తేలాలి. అది తియ్యగా ఉంటే సముద్రం రానట్టే, తొట్ల దగ్గర తవ్వి చూడాలి. ఆ బోరు కె. గోవిందసామి నాయుడిది. పేరు మార్చి రాద్దామని మొదట అనుకున్నాను. ఇంకో అబద్ధం దేనికని మార్చలేదు.

ఆయనకి అప్పటికే అరవై దాటాయి. మాలాగే ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మల్లెతోట ఉండేది, కొంచెం వేరుశనగ వేసేవాడు. తెల్లారగట్ల కోసిన మొగ్గలు సైకిలు మీద పెద్ద మార్కెట్టుకి తీసుకుపోయేవాడు. మొదటిసారి సీసాలు పట్టుకుని వెళ్ళినప్పుడు నన్ను గట్టు మీదే ఆపేశాడు. నా నోట తెలుగు విని, ఎవరి పిల్లోడివని అడిగి, మా నాయన పేరు చెప్పగానే మోటారు వేశాడు. నేను పెదనాయనా అని పిలిచాను. మిగతా రైతులు మా ల్యాబు మనుషుల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆయన మాత్రం నా మాట మీద రానిచ్చాడు.

ఇంకో సంగతి చెప్పాలి. చేతిపంపు చెడినప్పటి నుంచి పల్లె ఆడవాళ్ళు పొద్దున్నే బిందెలతో ఆయన బోరు దగ్గరికి వచ్చేవాళ్ళు. తోటకి కావలసినంత తోడుకున్నాక, వాళ్ళ కోసం ఆయన ఇంకో గంట మోటారు ఆడించేవాడు. ఎవరూ అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

సీసాల సంగతి. మా సీసాల్ని ముందు ఆసిడ్‌తో కడగాలి, ఆ పైన శుద్ధి చేసిన నీళ్ళతో మూడుసార్లు కడగాలి. మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళాక ఆ బావి నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పారబోసి, నాలుగోసారి నింపాలి. ఇది మాకు సంధ్యావందనం లాంటిది, వదలకూడదు. ఆ చిత్తిరై నెల, అంటే ఏప్రిల్ ఎండల్లో ముందురోజు సాయంత్రం కరెంటు పోయింది. శుద్ధి చేసిన నీళ్ళు అయిపోయాయి. చివరి సీసా ఒకటి ఆసిడ్ పోసి ఒంపేసినది ఒంపేసినట్టే ఉండిపోయింది, అడుగున కొంచెం మిగిలింది. పరవాలేదు, బావి దగ్గర ఎటూ మూడుసార్లు తొలుస్తాను కదా అనుకుని మూత బిగించాను.

మర్నాడు గోవిందసామి నాయుడి బోరు దగ్గర ఆ సీసా చేతికొచ్చింది. పదిహేను మంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వరసలో ఉన్నారు. కరెంటు ఏ నిమిషాన పోతుందో తెలియదు. నేను సీసా నింపి, తొలవడానికి ఊపి, నేల మీద పారబోయబోయాను. ముందున్న ఒక ముసలమ్మ నా మణికట్టు పట్టుకుని, తాగే నీళ్ళు తంబీ, పారబోయొద్దు అని తమిళంలో అంది. గట్టిగా కూడా అనలేదు. నాకు సిగ్గేసింది. ఆ సీసాకి అలాగే మూత పెట్టి, చీటీ అంటించి, పెట్టెలో సర్దేశాను. వెనక్కి వస్తూ బస్సులో నా మీద నాకే ముచ్చటేసింది కూడా. ఒక పెద్దమ్మ మాట విన్నాను, నీళ్ళు వృథా చేయలేదు అని. అడుగున మిగిలిన ఆసిడ్ ఆ క్షణంలో నా బుర్రలోనే లేదు.

ఇక్కడిదాకా పొరపాటు. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కాగితం రాసేవాణ్ణి కాదు.

ల్యాబులో పరీక్ష చేస్తే ఆ బోరు నీళ్ళలో క్లోరైడు ఎక్కువొచ్చింది. మేం వాడే ఆసిడ్‌లో ఉండేదే క్లోరైడు. కానీ అప్పటికి నాకు తట్టలేదు, అయ్యో సముద్రం వచ్చేసిందే అనుకున్నాను. తరవాత లెక్క సరిచూశాను. నీళ్ళలో కరిగిన వాటిలో సోడియం, కాల్షియం లాంటివి ఒక పక్క, క్లోరైడు లాంటివి ఒక పక్క, రెండూ సరిసమానంగా తూగాలి. తూగకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టు. మిగతా బావులన్నీ తూగాయి. ఇదొక్కటే క్లోరైడు వైపు వాలిపోయింది. అనుమానమొచ్చి సీసాలో లిట్మస్ ముక్క ముంచాను. ఎర్రబడింది. అప్పుడు గుర్తొచ్చింది, కరెంటు పోయిన సాయంత్రం, మూత బిగించిన నా చెయ్యి, అన్నీ వరసగా.

ఏం చేయాలి? మేడంకి చెప్పాలి. మర్నాడు బస్సెక్కి ఇంకో సీసా పట్టుకురావాలి. ఒక్క పూట పని. అంత చిన్న పని. ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్కలేదు. ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పుకున్నాను. మర్నాడు సాయంత్రానికే రిపోర్టు ఇవ్వాలి, నిజమే. పర్మనెంట్ కాగితాలు కదులుతున్నాయని గుమాస్తా చెవిలో వేశాడు, అదీ నిజమే. కానీ అసలు కారణం ఇంతకంటే చిన్నది, అందుకే చెప్పడానికి ఎక్కువ సిగ్గు. సీసా సరిగ్గా కడగలేదని చెప్పాల్సి వస్తుంది. మా ల్యాబులో అన్నిటికంటే కింది పని అది. అరుగుల మీద నీళ్ళ పుట్టిల్లు చెప్పేవాణ్ణి, సీసా కడగడం రానివాణ్ణి అనిపించుకోలేకపోయాను.

క్లోరైడు అంకె తగ్గించి ఉంటే కూడా లెక్క తూగేది. అది నిజానికి దగ్గరయ్యేది కూడా. కానీ ఆ అంకె అప్పటికే నోటు పుస్తకంలో ఇంకుతో రాసి, పక్కన మేడం పొడి అక్షరాల సంతకం ఉంది. సోడియం అంకె, ఆ నలభై రెండు, ఇంకా చిత్తు కాగితం మీదే ఉంది. లెక్క తూగడానికి సోడియం ఎంత ఉండాలో వెనక్కి గుణించి చూశాను. నూట డెబ్బై ఒకటి. రిపోర్టు కాగితంలో అదే ఎక్కించి మేడం బల్ల మీద పెట్టాను. అటు సోడియం, ఇటు క్లోరైడు. అచ్చం సముద్రంలా ఉంది. మేడం చూసి, లెక్క చక్కగా తూగింది, తొట్ల దగ్గర తవ్వే పని ఇక అక్కర్లేదు అంది. నేను తలూపాను. టీ తాగడానికి వెళ్ళింది ఆ తరవాతే.

నెల తిరక్కుండా కాగితాలు కదిలాయి. బోరు మూసెయ్యమని నాయుడికి నోటీసు వెళ్ళింది. ఆయన ఆ నోటీసునీ, ఒక సీసాలో తన బోరు నీళ్ళనీ పట్టుకుని సైకిలు మీద సారంలో మా ఇంటికొచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు.

"అబ్బోడా, నువ్వే గదప్పా నీళ్ళు పట్టుకపోయింది?"

"అవును పెదనాయనా."

"ఇందులో సముద్రం కలిసుండాదని రాసినారంట. పొద్దున కూడా తాగినా. తియ్యగానే ఉండాయి. ఏందిది?"

చెప్పడానికి అదే సమయం. ఆయనే ఇంటికొచ్చాడు, ఎదురుగా ఉన్నాడు, వీధిలో ఎవరూ లేరు. నేను అన్నది ఇది.

"నాలిక్కి తెలవదు పెదనాయనా. మిషనుకే తెలస్తాది."

ఆయన సీసాని ఎండకి ఎత్తి చూశాడు.

"ఆడోళ్ళు వస్తారని పొద్దున ఇంకో గంట ఆడిస్తా ఉంటి. దాంతోనే గుంజుకొచ్చినానా సముద్రాన్ని?"

"అయ్యుండొచ్చు."

"శానా తప్పు జేసినా అబ్బోడా. మంచి జేస్తా ఉండానని అనుకుంటి. నువ్వు మనోడివి, నువ్వు జెప్తే నమ్మాల్సిందే గదా."

మా అమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు బోర్లించి, వెళ్ళిపోయాడు. అయ్యుండొచ్చు అన్న ఆ ఒక్క మాట ఎందుకన్నానో మీరు చెప్పగలరా? నాకు అక్కర్లేని మాట అది. బోరు ఎటూ మూతపడుతోంది. నా అంకె ఎటూ భద్రంగా ఉంది. తెలియదు అని ఉంటే సరిపోయేది. ఆయన తనే తప్పు నెత్తిన వేసుకుంటుంటే, నేను ఇంకాస్త ఎత్తి సర్దినట్టు అయింది.

ఆ తరవాతి నెల నీళ్ళు పట్టడానికి పల్లెకి వెళ్ళినప్పుడు ముసలమ్మ కనపడింది. నాయుడు వాళ్ళ వీధిలోకి వచ్చి, ఆడవాళ్ళ ముందు చేతులు జోడించి, నా మోటారే మీ నీళ్ళకి ఉప్పు తెచ్చింది, మన్నించండమ్మా అన్నాడని చెప్పింది. వాళ్ళలో కొందరు తిట్టారట. సముద్రాన్ని లాక్కొచ్చినవాడని పేరు కూడా పెట్టారు. ఈమె మాత్రం, పాపం ఆయనకేం తెలుసు అంది. ఆమె నడుం మీది బిందెలో లారీ నీళ్ళు. ఆ లారీ బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, లేనప్పుడు లేదు. రానిరోజు ఉప్పునీళ్ళతోనే గంజి కాచుకునేవాళ్ళు. చేతిపంపు ఎప్పటిలాగే ఉప్పగా ఉంది. బోరు మూస్తే తగ్గాలి కదా, ఎందుకు తగ్గలేదని ఎవరూ అడగలేదు. నేను అడగను కదా.

మల్లెతోట ఆ వేసవికే ఎండిపోయింది. నీళ్ళు తక్కువ అడుగుతుందని సరుగుడు నాటాడు. ఆయన లాస్‌పేటలో ఒక హాస్టలు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. నేను రోజూ పోయే దారిలోనే. నేను దారి మార్చాను. చుట్టు తిరిగి పోతే పది నిమిషాలు ఎక్కువ, మంచి నడక అని ఇంట్లో చెప్పాను. ఆ ఏడాదే నన్ను పర్మనెంట్ చేశారు. స్వీట్లు పంచాను.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది చెప్పాలి. సునామీ వచ్చిన ఆదివారం పొద్దున, సముద్రం పల్లె మీదికొచ్చిందని వీధిలో కేకలు విన్నాను. అందరూ పరిగెత్తుతున్నారు. నా మనసులో మొదట మెదిలింది ఆ ముసలమ్మ కాదు, పల్లె కాదు. ఇక అన్ని బావులూ ఉప్పే, ఇక ఎవరికీ తెలియదు అన్న మాట. కంటి రెప్ప పడినంత సేపే. తరవాత నేనూ పరిగెత్తాను, మోశాను, గంజి పంచాను, అందరూ చేసినవన్నీ చేశాను. కానీ ఆ రెప్పపాటు నాదే. దాన్ని ఇంకెవరి మీదా నెట్టలేను. ముసలమ్మ బతికే ఉంది.

అల పల్లె దాటి నాయుడి పొలం దాకా రాలేదు. కొన్ని నెలల తరవాత అక్కడి బావులన్నీ మళ్ళీ పరీక్ష చేయమన్నారు. సీలు తీసి ఆ బోరు నీళ్ళు కూడా పట్టాం. ఈసారి సీసా ఏడుసార్లు కడిగాను. సోడియం నలభై దాటి ఒకటో రెండో. తియ్యటి నీళ్ళు, మెట్టల మీది వాన, సున్నపురాతి నీళ్ళు. ఇదే అవకాశం అనుకున్నాను. మేడం అడుగుతుంది, చెప్పేస్తాను అనుకున్నాను. ఆవిడ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసి, బోరు మూయడం ఎంత మేలు చేసిందో చూడు, సముద్రం వెనక్కి తగ్గింది అంది. అలాగే రాసింది. నా అబద్ధం అప్పటినుంచీ ఒక మంచి ఉదాహరణ అయిపోయింది. దాన్ని నాలుగు మీటింగుల్లో చూపించారు. తెర మీద ఒక్కో బొమ్మా మార్చి చూపించేది నేనే.

బోరు తెరవచ్చన్న కాగితం నాయుడికి అందింది. ఆయన ల్యాబుకే వచ్చాడు, వాచ్‌మన్ ఖాకీ చొక్కాలోనే. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఆనాడు మొహమాటం లేకుండా జెప్పబట్టి గదప్పా, నేల బాగుపడింది. ఇంకొకడైతే మనోడని దాచుండును" అన్నాడు. తోట మళ్ళీ పెట్టలేనన్నాడు, వయసు లేదన్నాడు. ఆడవాళ్ళకి మాత్రం పొద్దున ఒక అరగంట మోటారు వేస్తానన్నాడు. గంట వేయనన్నాడు. మళ్ళీ తప్పు చేయనన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పినప్పటి నుంచే ఇది నిజంగా మొయ్యలేనిదైంది. తిట్టి ఉంటే ఎలాగో మోసేవాణ్ణి.

మీకో సంగతి ఒప్పుకోవాలి. దీన్ని నేను తెలుగు అక్షరాల్లో రాయడంలో కూడా ఒక ఎత్తుగడ ఉంది. మా అమ్మ సూళ్ళూరుపేట మనిషి కనక నాకు తెలుగు చదవడం, రాయడం నేర్పింది. మా వీధిలో ఇంటింటా తెలుగు మాట్లాడతారు, ఈ అక్షరాలు చదివేవాళ్ళు లేరు. గోవిందసామి నాయుడికీ రావు. ఆయన సంతకం తమిళంలో పెడతాడు. తమిళంలో రాస్తే ఎవరో ఒకరు ఆయనకి చదివి వినిపిస్తారని భయపడ్డాను. కూర్చుని మొదటి మాట రాసేదాకా ఆ భయం నాకే తెలియదు. అంటే ఒప్పుకుంటూ కూడా దాస్తున్నాను. ఇంత దూరం వచ్చి కూడా.

రేపు వెళ్ళి ఆయనకి చెప్తానని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. రాయను. అలాంటి రేపులు నా దగ్గర చాలా పోయాయి. మన్నించమని మిమ్మల్ని అడగను, మీకు నేను చేసిందేమీ లేదు. అడగవలసినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు మన్నించకపోయినా న్యాయమే.

కానీ ఒక్కటి మాత్రం నిజంగా, ఎక్కడో ఒక చోట, కాగితం మీద ఉండాలి. ఆయన ఎదురుగా ఉన్నట్టే రాస్తున్నాను, మా ఇంటి మెట్టు మీద కూర్చుని ఆయన అడిగినప్పుడు చెప్పవలసిన భాషలోనే.

పెదనాయనా, నీ బోరులోకి సముద్రం ఏనాడూ రాలేదు. సీసా నేను కడగలేదు, అంకె నేను మార్చినా. ఆడోళ్ళ కోసం నువ్వు ఆడించిన ఆ గంటతో ఎవరికీ ఏ చెడుపూ జరగలేదు.

రాశాను. ఆయన దీన్ని చదవలేడు. ఊపిరి మాత్రం ఆడుతోంది.